రిమాండ్ రోజున ఎవరూ అడగని ప్రశ్న

ఆమెను తీసుకొచ్చేసరికి సాయంత్రం అయిదున్నర దాటింది. కోర్టు హాలు ఖాళీ అయిపోయింది. మేజిస్ట్రేటుగారు ఛాంబర్లో కూర్చుని సంతకాలు పెడుతున్నారు. ఎక్సైజ్ ఎస్సై, ఒక లేడీ కానిస్టేబుల్, వాళ్ల మధ్య ఆమె. చంకలో నాలుగేళ్ల పిల్లాడు నిద్రపోతున్నాడు. పది లీటర్ల నాటుసారా, రెండు వందల లీటర్ల బెల్లం ఊట అని సోదాకి సాక్షులైన మధ్యవర్తుల నివేదికలో రాసి ఉంది. ఊట అక్కడికక్కడే పారబోశారట. సారా కాసేది భర్త, మరిది. జీపు చప్పుడు వినగానే వాళ్లిద్దరూ కాలవ గట్టు దాటేశారు. పొయ్యి దగ్గర దొరికింది ఈమె.

ఆ వారం లీగల్ ఎయిడ్ తరఫున రిమాండ్ డ్యూటీ నాది. మేజిస్ట్రేటుగారు అడగాల్సినవి అడిగారు. పోలీసులు కొట్టారా? లేదండి. ఎందుకు పట్టుకున్నారో చెప్పారా? చెప్పారండి. లాయరు ఉన్నారా? ఆమె నా వైపు చూసింది, నేను తలూపాను. పద్నాలుగు రోజుల రిమాండ్. మొత్తం ఎనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ చేయాల్సినవే చేశారు.

వరండాలోకి వచ్చాక ఆమె ఆగిపోయింది. కొంగు చివర ముడి విప్పి ఒక తాళంచెవి తీసింది. "లాయరమ్మగారండీ, మా పాప బడి నించి వచ్చేసుంటదండి. తాళం నా దగ్గరే ఉండిపోయింది" అంది.

పాపకి ఎనిమిదేళ్లు. ఆ సంగతి రిమాండ్ రిపోర్టులో లేదు. నేను పెట్టిన మెమోలో కూడా లేదు, ఎందుకంటే నేను అడగలేదు. పిల్లాడు ఎదురుగా కనిపిస్తున్నాడు కాబట్టి వాడి గురించి అందరికీ తెలుసు, తల్లితోపాటు జైలుకి వెళ్తాడు. కనిపించని పిల్ల గురించి ఎవరికీ తట్టలేదు. ఆ తాళంచెవి పట్టుకుని నేను ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు నంబరు కోసం అరగంట ఫోన్లు చేశాను. మా జూనియరు బండి మీద పాతిక కిలోమీటర్లు వెళ్లాడు. అతను వెళ్లేసరికి రాత్రి ఎనిమిది. పాప పక్కింటి అరుగు మీద బ్యాగు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరో అన్నం పెట్టారు, తినలేదట.

ఇది జరిగి కొన్నేళ్లయింది. అప్పట్నుంచీ నా మనసులో తిరుగుతున్న మాట ఒకటుంది, దానికోసమే ఇంత రాస్తున్నాను. నేరం చేసిన, లేదా చేసిందని పోలీసులు చెప్పిన ఆడమనిషికి మన దగ్గర ఒక ప్రత్యేక కోర్టు కావాలి. అది శిక్ష వేసే రోజున తెరుచుకుంటే చాలదు, మొదటి రిమాండ్ రోజునే తెరుచుకోవాలి.

ఈ మాట అంటే మా లాయర్ల సంఘంలోనే వెంటనే వచ్చే సమాధానం: "మహిళా కోర్టులు ఉన్నాయి కదమ్మా." ఉన్నాయి. విజయవాడ, హైదరాబాద్ లాంటి చోట్ల ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. కానీ ఆ పేరులోని మహిళ ఫిర్యాది. వరకట్నం, వేధింపులు, అత్యాచారం కేసుల్లో అన్యాయానికి గురైన స్త్రీ. ఆ కోర్టు అవసరం గురించి నాకు ఏ సందేహమూ లేదు. అదే హాల్లో ముద్దాయిల బోనులో నిలబడే అత్తగారూ ఆడపడుచూ కూడా ఆడవాళ్లే. వాళ్లు నిలబడ్డ వైపు నుంచి చూస్తే అది మామూలు క్రిమినల్ కోర్టు. మనకి ఎర్రచందనం కేసులకు తిరుపతిలో ప్రత్యేక కోర్టు ఉంది, ఏసీబీ కేసులకు ఉంది, పోక్సోకి ఉంది, ఎమ్మెల్యేలూ ఎంపీల కేసులకు ఉంది. ముద్దాయిగా వచ్చిన ఆడమనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టిన గది మాత్రం లేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. వాళ్లు చాలా కొద్దిమంది. దేశంలో నేరాల లెక్కలు తీసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే వాళ్లలో స్త్రీలు 23,772 మంది. దాదాపు 4 శాతం. మొత్తం ఖైదీల్లో నలుగురికి ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్లే, విచారణలో ఉన్నవాళ్లు. ఆడవాళ్లలోనూ అంతే. అదే ఏడాది 1,537 మంది తల్లులతో 1,764 మంది పిల్లలు జైలు గోడల లోపల ఉన్నారు. బయట ఉండిపోయిన పిల్లల లెక్క మాత్రం ఆ పుస్తకంలో లేదు. ఆరేళ్లు దాటిన పిల్లలు తల్లితో లోపలికి వెళ్లకూడదు కాబట్టి లెక్కలోకి రారు. మా పాపలాంటి వాళ్లు.

ఆ ఆరేళ్ల నిబంధన ఎక్కడిదో తెలుగువాళ్లుగా మనం తెలుసుకోవాలి. ఆ తీర్పు పేరులోనే మన రాష్ట్రం ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చింది. తల్లితో ఉన్న బిడ్డ ఖైదీ కాదని, బిడ్డకు పాలు, తిండి, బట్టలు, చదువు, ఆట అన్నీ హక్కుగా అందాలని, వీలైనంతవరకు కాన్పు జైలు బయటే జరగాలని, జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదని అందులో ఉంది. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు: పిల్లలతో జైల్లో ఉన్న స్త్రీల కేసులకు కోర్టులు ప్రాధాన్యం ఇచ్చి త్వరగా తేల్చాలి. అంటే కేసుల దొంతరలో వాళ్ల ఫైలు పైకి రావాలి. నా పదకొండేళ్ల ప్రాక్టీసులో, నేను తిరిగిన కోర్టుల్లో, ఆ వాక్యం చూపించి ఒక ఫైలును పైకి తెప్పించింది రెండే రెండు సార్లు. రెండుసార్లూ అడిగింది లాయరే. అడక్కుండా పైకి తెచ్చే యంత్రాంగం లేదు.

చట్టం లేకపోవడం మన సమస్య అనుకోను. ముక్కలు ముక్కలుగా చాలానే ఉంది. నాన్‌బెయిలబుల్ నేరమైనా స్త్రీ అయితే బెయిల్ ఇవ్వవచ్చని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 437లో ఉండేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 480లో ఉంది. 2024 ఆగస్టు 27న ఢిల్లీ మద్యం విధానం కేసులో కల్వకుంట్ల కవితగారికి సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చినప్పుడు చర్చ నడిచింది ఇలాంటి వెసులుబాటు మీదే. మనీలాండరింగ్ చట్టంలోనూ స్త్రీలకు అలాంటి మినహాయింపు ఒకటుంది. అది నిస్సహాయురాలైన స్త్రీకే, చదువుకుని పదవుల్లో ఉన్నవాళ్లకు కాదని హైకోర్టు అంటే, అలా చదివితే చదువుకున్న ఏ స్త్రీకీ అది దక్కదని సుప్రీంకోర్టు సరిచేసింది. ఆ కేసులో ఎవరిది తప్పన్నది ఇక్కడ నా విషయం కాదు. నాకు గుచ్చుకున్నది ఒక్కటే. ఆ వెసులుబాటు గురించి ఢిల్లీలో పెద్ద పెద్ద లాయర్లు గంటలకొద్దీ వాదించారు. చిన్న ఊరి రిమాండ్‌లో, నిజంగా దిక్కులేని మనిషి నిలబడ్డప్పుడు, ఆ మాట ఎత్తేవాళ్లు ఉండరు.

ఎత్తి బెయిల్ తెచ్చినా కథ అయిపోదు. ఆ సారా కేసులో ఆరో రోజున బెయిల్ వచ్చింది. పదివేలకు ఇద్దరు జామీనుదారులు. ఆమె బయటికి వచ్చింది ఇరవై ఏడో రోజున.

ఈ ఇరవై ఒక్క రోజుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు శిక్ష అక్కడే పడింది. జామీను పడాలంటే ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్‌బుక్కో ఉండాలి. ఆమె పేరున ఏమీ లేదు, ఆమె పుట్టింటివాళ్లకూ లేదు. భర్త వైపు పొలం ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇంటికి మా జూనియరు రెండుసార్లు వెళ్లాడు. "ఆడమనిషి కోసం కోర్టు మెట్లెక్కితే ఊళ్లో ఏమనుకుంటారండీ" అన్నారు. మగవాళ్లు లోపలికి వెళ్లినప్పుడు నేను చూసేది వేరు. భార్య పుస్తెలతాడు తాకట్టు పెడుతుంది, తల్లి వీఆర్వో కాళ్లావేళ్లా పడుతుంది, ములాఖత్ రోజున జైలు గేటు దగ్గర క్యారియర్లతో నిలబడేది ఆడవాళ్లే. ఆడమనిషి లోపలికి వెళ్తే ఆ గేటు దగ్గర ఎవరూ ఉండరు. అందులోనూ ఆడవాళ్లకు విడిగా జైళ్లు తక్కువ. ఆంధ్రలో రాజమహేంద్రవరం, కడప, తెలంగాణలో చంచల్‌గూడ. మిగతా చోట్ల మగవాళ్ల జైల్లోనే ఒక మూల గోడ కట్టిన బ్లాకు. విడి జైలంటే దూరం. దూరమంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి. పోనీ దగ్గరే ఉంటుందంటే, ఆ మూల బ్లాకులో నలుగురైదుగురే ఉంటారు, మాట్లాడటానికి మనిషి కూడా దొరకదు.

జామీను గురించి మన న్యాయస్థానాలు చెప్పనిది లేదు. 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఎదుట ఉన్నది ఒక తాపీమేస్త్రీ. పదివేల జామీను అడిగారు, తమ్ముడు పడతానంటే వేరే జిల్లావాడని ఒప్పుకోలేదు. పేదవాళ్లనూ, చిన్న వయసువాళ్లనూ, స్త్రీలనూ సొంత పూచీకత్తు మీదే వదలడానికి కోర్టులు ఉదారంగా ఉండాలని ఆ తీర్పులో రాశారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: బెయిల్ వచ్చి నెలరోజుల్లోగా జామీను పెట్టలేకపోతే ఆ షరతు సడలించవచ్చేమో కోర్టు తనంతట తానే చూడొచ్చని, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం కూడా ఆలస్యానికి ఒక కారణమని చెప్పింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకు ఒక పథకం తెచ్చింది, అప్పట్లో బెయిల్ కోసం నలభై వేల దాకా ఇస్తామన్నారు. మంచిదే. కానీ మా సారా కేసులో కావాల్సింది నలభై వేలు కాదు. రసీదు పట్టుకుని కోర్టుకి వచ్చి నిలబడే ఇద్దరు మనుషులు. లేదా, వాళ్లు అక్కర్లేదని మొదటి రోజే చెప్పగలిగే ఒక జడ్జి.

ఆ నెలలో ఏం జరిగిందంటే: పాపని వాళ్ల పిన్ని వేరే ఊరు తీసుకెళ్లింది. బడి ఆగింది. తిరిగి వచ్చేసరికి పరీక్షలు దాటిపోయాయి. ఆమె రెండిళ్లలో పాచిపని చేసేది, ఆ పనులు పోయాయి. డ్వాక్రా వాయిదా తప్పింది, గ్రూపులో ఆమె పేరు తీసేశారు. రెండేళ్ల తర్వాత కేసు కొట్టేశారు. నివేదిక మీద సంతకం పెట్టిన మధ్యవర్తులు బోనెక్కి, తమకేమీ తెలియదన్నారు. చట్టం దృష్టిలో ఆమెకు ఒక్కరోజు శిక్ష కూడా పడలేదు.

ఇంగ్లండు ప్రస్తావన ఇక్కడ తేవాలి. అక్కడ మన కన్నా ముందు ఈ విషయం మీద తల పట్టుకున్నారు, తప్పులు కూడా చేశారు. మాంచెస్టర్ దగ్గర స్టైల్ అనే మహిళా జైలు ఉంది. 2002 ఆగస్టు నుంచి 2003 ఆగస్టు దాకా, ఒక్క ఏడాదిలో, అక్కడ ఆరుగురు స్త్రీలు చనిపోయారు. ఆ మరణాల తర్వాత ప్రభుత్వం బారొనెస్ జీన్ కార్‌స్టన్‌ను పరిశీలించమంది. 2007 మార్చిలో ఆమె 43 సిఫార్సులతో నివేదిక ఇచ్చారు. సారాంశం సూటిగా ఉంటుంది: సమాజానికి ప్రమాదమైన, తీవ్రమైన హింసాత్మక నేరాలు చేసినవాళ్లకే జైలు. మిగతావాళ్లను తమ ఊళ్లోనే ఉంచి, మహిళా కేంద్రాల ద్వారా అప్పు, మత్తు, ఇంట్లో దెబ్బలు, మనోవ్యాధి, ఇల్లు లేకపోవడం, వీటన్నిటినీ ఒక్కచోట చూడాలి. చెరసాల తప్పనివాళ్లకు కూడా పెద్ద జైళ్లు వద్దు, ఇంటికి దగ్గర్లో చిన్నవి కట్టండి అన్నారు.

2014లో మాంచెస్టర్ మేజిస్ట్రేట్ కోర్టులో స్త్రీల కోసం ఒక సమస్యా పరిష్కార కోర్టు మొదలైంది. పేరుకి ప్రత్యేక కోర్టే కానీ కొత్త భవనం కట్టలేదు, కొత్త చట్టం చేయలేదు. ఉన్న మేజిస్ట్రేట్లే. శిక్ష వేసే ముందు ప్రొబేషన్ వాళ్లు (జైలుకి పంపకుండా బయట ఉంచినవాళ్లను కనిపెట్టుకునే అధికారులు), మహిళా కేంద్రం వాళ్లు, ఆమె జీవితంతో సంబంధం ఉన్న మిగతా సంస్థలు కూర్చుని మాట్లాడుకుంటాయి. జైలుకు బదులు బయటే పాటించాల్సిన ఉత్తర్వు ఇస్తారు. ఆ తర్వాత కొన్ని వారాలకోసారి ఆమె మళ్లీ కోర్టుకి రావాలి, ఎలా ఉంది, ఏం చేసింది అని మేజిస్ట్రేట్లే అడుగుతారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన కోర్టుల్లో ఒక ముద్దాయికి రెండేళ్లలో ముగ్గురు మేజిస్ట్రేట్లు మారతారు, ఎవరికీ ఆమె ముఖం గుర్తుండదు. ఎవరో ఒకరు తనను గుర్తుపెట్టుకుని "పోయినసారి ఇల్లు దొరకలేదన్నావు, ఏమైంది?" అని అడిగితే మనిషి నిటారుగా నిలబడుతుంది. 2023లో బర్మింగ్‌హామ్‌లో కూడా స్త్రీల కోసం ఇలాంటి కోర్టు ప్రయోగంగా పెట్టారు.

అంతా బాగుందని చెప్పలేను. కార్‌స్టన్ నివేదిక నాటికి అక్కడ జైళ్లలో స్త్రీలు నాలుగు వేలు దాటి ఉండేవారు, ఇప్పటికీ మూడున్నర వేల ప్రాంతంలో ఉన్నారు. లండన్‌లోని హోలోవే జైలు 2016లో మూసేశారు కానీ కార్‌స్టన్ అడిగిన చిన్న చిన్న ఇళ్లలాంటి కేంద్రాలు ఆ స్థాయిలో రాలేదు. మహిళా కేంద్రాలు ఏటికేడు నిధుల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కోర్టు ఎంత దయగా ఉన్నా, ఆమెను పంపించడానికి బయట ఒక తలుపు తెరిచి లేకపోతే ఆ దయ కాగితం దాటదు. ఇది నేను అక్కడి నుంచి నేర్చుకున్న మొదటి పాఠం. రెండోది, వాళ్ల కోర్టు శిక్ష దగ్గర మొదలవుతుంది. వాళ్ల దేశానికి అది సరిపోవచ్చు. మన జైళ్లలో నలుగురికి ముగ్గురు శిక్షే పడనివాళ్లయినప్పుడు, అక్కడి నమూనా యథాతథంగా తెస్తే మనం ఆ ముగ్గురినీ గుమ్మం బయటే వదిలేస్తాం.

నిజానికి నమూనా కోసం మాంచెస్టర్ దాకా వెళ్లాల్సిన పని లేదు. మన జువెనైల్ జస్టిస్ బోర్డు చూడండి. ఒక మేజిస్ట్రేటు, పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. పిల్లవాడు పట్టుబడితే ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికెళ్లి, బడికెళ్లి, సామాజిక పరిశోధన నివేదిక రాస్తాడు. బెంచీ మీద లాయరు కాని మనిషి కూర్చోవచ్చని, నేరం కన్నా ముందు ఇల్లు చూడాలని మన చట్టం ఒప్పుకుంది, పిల్లల విషయంలో. బోర్డులు సరిగా నడవని జిల్లాలు ఉన్నాయి, నాకు తెలుసు. అయినా ఆ నిర్మాణం మన చేతిలో ఉంది, దానికి అలవాటుపడ్డ మేజిస్ట్రేట్లున్నారు.

శిక్ష దశలో కూడా చేతిలో ఉన్నది వాడటం లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడి బాండు మీద వదిలేయొచ్చు. ఒక చిన్న సంగతి చెప్తాను, లాయర్లు కానివాళ్లకి ఆసక్తిగా ఉండొచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ 401లో, అంటే పాత సీఆర్‌పీసీ 360లో, ఇరవై ఒక్క ఏళ్ల లోపువాళ్లతోపాటు "ఏ స్త్రీ అయినా" అని స్పష్టంగా ఉంది: మరణశిక్ష, యావజ్జీవం పడే నేరం కాకపోతే, పాత శిక్షలు లేకపోతే, జైలుకి పంపకుండా వదలొచ్చని. కానీ ప్రొబేషన్ చట్టం అమల్లో ఉన్నచోట ఆ సెక్షన్ వర్తించదని తీర్పులున్నాయి, మన దగ్గర ఆ చట్టం అమల్లో ఉంది. దాంట్లో ఇరవై ఒక్క ఏళ్ల లోపువాళ్లకు ప్రత్యేక రక్షణ ఉంది, స్త్రీ అన్న మాట మాత్రం లేదు. అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో స్త్రీకి పేరుపెట్టి ఇచ్చినది, మంచి ఉద్దేశంతో చేసిన ఇంకో చట్టం పక్కకు జరిపేసింది. ఒక్క వాక్యం చేరిస్తే సరిపోయే పని.

ఇప్పుడు నాకు ఎదురయ్యే ప్రశ్నలు. మగవాళ్లకి పిల్లలు లేరా అని అడుగుతారు. ఉన్నారు. భార్య పోయిన మగవాడు ఒంటరిగా పిల్లల్ని పెంచుతూ పట్టుబడితే అదే ప్రశ్న అతన్నీ అడగాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తండ్రి జైలుకి వెళ్లినప్పుడు ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, తల్లి వెళ్లినప్పుడు చాలా ఇళ్లలో వెలగదు. సమానత్వం అంటే ఇద్దరినీ ఒకే కొలతతో కొలవడం అయితే, ఆ కొలత మగవాడి జీవితాన్ని చూసి తయారైంది. రాజ్యాంగం 15(3)లో స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని రాసింది ఇందుకే.

రెండో ప్రశ్న ఎక్కువ బాధపెడుతుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆడవాళ్లకి తేలిగ్గా బెయిల్ వస్తుందని తెలిస్తే ముఠాలు వాళ్లనే ముందు పెడతాయి కదా? గంజాయి విషయంలో ఇది నిజమైన భయం. ఏజెన్సీ నుంచి బ్యాగు మోసుకుని మైదానానికి దిగే గిరిజన స్త్రీ పట్టుబడితే, బరువు ఇరవై కిలోలు దాటిందంటే అది కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారం కోసం తెచ్చినంత సరుకు. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 37 వల్ల బెయిల్ దాదాపు అసాధ్యం, రుజువైతే కనీస శిక్ష పదేళ్లు. ఆమెకి దక్కేది కూలి డబ్బులు. బ్యాగు నింపినవాడి పేరు చార్జిషీట్లో ఉండదు, ఉన్నా "పరారీలో ఉన్నాడు" అని ఉంటుంది. ముఠాలు ఆడవాళ్లను వాడుకోవడం కఠినమైన చట్టం ఉండగానే జరుగుతోంది, కాబట్టి కాఠిన్యం దాన్ని ఆపలేదని మాత్రం చెప్పగలను. ఆమెను ఎవరు పంపారు, అప్పు కింద పంపారా, బెదిరించి పంపారా అని ఒక కోర్టు కూర్చుని వినగలిగితే ముఠా దాకా దారి కూడా అక్కడే దొరకొచ్చు. ఇప్పుడు ఆ మాటలు వినే వేళే లేదు.

స్త్రీవాద మిత్రులు అడిగే మూడో ప్రశ్న నన్ను మార్చింది. "నువ్వు ఎప్పుడూ తల్లి గురించే మాట్లాడతావు. పిల్లలు లేని ఆడమనిషి సంగతేంటి?" అని. నిజమే. వ్యభిచార నిరోధక చట్టం కింద పట్టుకొచ్చిన ఒక యువతి తరఫున నేను నిలబడ్డప్పుడు పిల్లల కథ చెప్పడానికి లేదు, జడ్జి మనసు కరిగించే సరుకు నా దగ్గర లేదు. ఆమెను పదిహేడో ఏట అమ్మింది సొంత మేనమామ. ఈ కోర్టు మంచి తల్లులకు ఇచ్చే బహుమతి అయిపోతే, ఆ యువతి మళ్లీ బయటే ఉంటుంది. అందుకే తల్లి అవునా కాదా అన్నది ఒక ప్రశ్న మాత్రమే కావాలి. ఇంట్లో దెబ్బలు తింటోందా, ఎవరి ఒత్తిడి మీద ఈ పని చేసింది, అప్పు ఎంత, ఒంట్లో ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, బయటికొస్తే తల దాచుకోవడానికి చోటుందా అన్నవీ అడగాలి. హింసకు గురైన స్త్రీల కోసం జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. వాళ్ల దగ్గర కౌన్సెలరు ఉంటారు, తాత్కాలికంగా ఉండే చోటు ఉంటుంది. కానీ ముద్దాయిగా వచ్చిన స్త్రీ ఒంటి మీద దెబ్బలుంటే మా కోర్టు నుంచి ఆమెను అక్కడికి పంపడం నేను చూడలేదు. ఆమె ఫిర్యాది కాదు కదా. ఒకే మనిషి ఉదయం బాధితురాలూ సాయంత్రం ముద్దాయీ కావచ్చన్న సంగతి మన ఫారాల్లో పట్టదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. జిల్లా కేంద్రంలో ఒక మేజిస్ట్రేటుకి వారంలో ఒక రోజు ముద్దాయిలైన స్త్రీల కేసులు మాత్రమే ఇవ్వండి. కనీసం రెండేళ్లు ఆ మేజిస్ట్రేటే చూడాలి. రిమాండ్‌కి తెచ్చిన ప్రతి స్త్రీ గురించీ ప్రొబేషన్ ఆఫీసరో, లీగల్ ఎయిడ్‌కి సాయపడే పారాలీగల్ వాలంటీరో ఒక పేజీ రాసి ఫైలుకి జతచేయాలి. ఆ పేజీ లేకుండా రిమాండ్ ఉండకూడదు. చిన్న నేరాల్లో సొంత పూచీకత్తు మామూలు కావాలి, జామీను అడిగితే ఎందుకు అడుగుతున్నారో రాయాలి. 2006 తీర్పు చెప్పినట్టు లోపల పిల్లలున్న తల్లుల కేసులు ఆ రోజున మొదట పిలవాలి. సఖి కేంద్రం మనిషి ఒకరు ఆ రోజు కోర్టులో కూర్చోవాలి. కొట్టేసిన కేసుల్లో కూడా ఆమె బయటికెళ్లాక ఒక్కసారి పిలిచి ఎలా ఉన్నావని అడగాలి. హైకోర్టు ఒక సర్క్యులర్‌తో చాలావరకు మొదలుపెట్టొచ్చు.

అది వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, ఆ తాళంచెవి రోజు తర్వాత నేను ఒక కాగితం తయారుచేసుకున్నాను. ఏడు ప్రశ్నలు. జిరాక్సులు తీయించి సంచిలో పెట్టుకుంటాను, డ్యూటీ లేని వారం కూడా. మొదటి ప్రశ్న, "ఇంటి తాళం ఎవరి దగ్గర ఉంది?" పిల్లలున్నారా అని అడిగితే భయంతో కొందరు లేరంటారు, ఎక్కడికో తీసుకుపోతారని. తాళం గురించి అడిగితే చెప్పేస్తారు. నింపిన కాగితం మెమోతోపాటు లోపలికి పంపుతాను. కొందరు మేజిస్ట్రేట్లు చదువుతారు, కొందరు ఫైలు అడుగున పెడతారు. ఐక్యరాజ్యసమితి 2010లో ఒప్పుకున్న బ్యాంకాక్ నియమాల్లో రెండోది ఇదే చెప్తుంది: పిల్లల బాధ్యత ఉన్న స్త్రీని జైల్లో చేర్చుకునే ముందు, ఆ పిల్లలకు ఏర్పాటు చేసుకోనివ్వాలి, అవసరమైతే కొంతకాలం నిర్బంధాన్ని ఆపైనా సరే. ఆ నియమం తెలుగులో రాసి కాగితం వెనక అతికించాను.

పోయిన నెలలో ఒకామెను దొంగతనం కేసులో తెచ్చారు. పని చేసే ఇంట్లో గాజులు పోయాయట. తాళం పక్కింట్లో ఇచ్చానంది, ఆ పక్కింటివాళ్లు ఆ సాయంత్రమే పెళ్లికి ఊరెళ్తున్నారంది. మేజిస్ట్రేటుగారు కాగితం చదివి పెన్ను కింద పెట్టారు. "పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు వచ్చేదాకా ఇక్కడే కూర్చోనివ్వండి, ఆర్డరు తర్వాత రాస్తాను" అన్నారు. ఏడున్నర దాకా వరండాలో కూర్చున్నాం. బంట్రోతు లైటు వేసి ఆమెకు టీ తెచ్చిచ్చాడు. ఏడున్నరకి వాళ్ల పెద్దక్క ఆటోలో వచ్చింది, ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని.